రోగి వేషం వదిలిన ఏడాది

ఇరవై రెండేళ్ళలో ఒడెట్ పెల్కీకి కాళ్ళు విరిగింది నలభై సార్లకు పైమాటే. తొడ ఎముక పదకొండుసార్లు విరిగింది. భుజం గూడు జారడానికి లెక్కే లేదు. ఒకసారి చెట్టుకు గుద్దుకుని తెలివి తప్పింది, ఇంకోసారి కందిరీగ కుట్టి గొంతు వాచి ఊపిరందక గిలగిలలాడింది. అన్నిసార్లూ లేచి కూర్చుని, ఒంటికి అంటిన దుమ్ము దులుపుకుని, అక్కడున్నవాళ్ళందరికీ తను చేసి తెచ్చిన బిస్కట్లు పంచిపెట్టింది.

విషయమేమిటంటే, అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న టాబర్ కొండ మీద మంచులో స్కీయింగ్ చేసేవాళ్ళకు దెబ్బ తగిలితే వెళ్ళి ఆదుకునే గస్తీవాళ్ళంతా జీతంబత్తెం లేని మనుషులే. వారమంతా పాడి కొట్టాల్లోనో గరాజుల్లోనో పనిచేసుకుని, శని ఆదివారాలు ఎర్రకోటు తొడుక్కుని కొండెక్కుతారు. అందులో కొత్తగా చేరేవాళ్ళకు ఏటా సెప్టెంబరు నుంచి అగ్నిమాపక కేంద్రంలో వైద్యం క్లాసులు. ఊపిరి చూడటం, రక్తం ఆపటం, విరిగిన ఎముకకు బద్దకట్టు కట్టటం, ఇవన్నీ నేర్చుకోవాలంటే దెబ్బ తగిలిన మనిషొకరు ఉండాలి కదా. ఒడెట్ భర్త రొలాండ్ గస్తీలో ఉండేవాడు. ఓ ఏడాది అతనితోపాటు క్లాసు చూడ్డానికి వెళ్తే, ఎవరో "కాస్త ఇలా పడుకుంటారా" అన్నారు. పడుకుంది. ఆ పడుకోవడం ఇరవై రెండేళ్ళు సాగింది.

రోగి వేషంలో ఆమెకు సాటి లేరు. మిగతావాళ్ళు అరుస్తారు, మూలుగుతారు, మధ్యలో నవ్వేస్తారు. ఒడెట్ అలా కాదు. క్లాసు చెప్పే హార్లన్ ట్విచెల్ ముందు వారమే ఓ చీటీ ఇచ్చేవాడు: ఎడమ కాలు, మోకాలి కింద, ఎముక బయటికి. ఆమె స్కూలు బస్సు నడుపుతూ వారమంతా ఆ కాలి గురించే ఆలోచించేది. మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు కలిపి నెత్తురు చేసుకునేది. ఓసారి ఆ నెత్తురు చూసి క్లాసులో ఓ ఆరడుగుల కట్టెలకోత మేస్త్రి కళ్ళు తిరిగి పడిపోతే, రోగి లేచి వైద్యుడికి మొహం మీద నీళ్ళు చల్లాల్సి వచ్చింది.

పోయిన చలికాలం రొలాండ్ మోకాలు మార్పించుకున్నాడు. దెబ్బ తగిలినవాళ్ళను పడుకోబెట్టి కొండ కిందికి లాక్కొచ్చే మంచుబండిని ఇంక ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు తొడిగిన ఎర్రకోటు తీసి మేకుకు తగిలించి, వారంరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత గస్తీవాళ్ళ గదిలో పొయ్యి తనదేనని ప్రకటించి, బీన్సూ మాంసమూ వేసి ఉడికించే చిల్లీ కుండకు యజమాని అయ్యాడు.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ వంటింట్లో కూర్చుని ఊరగాయకి దోసకాయలు తరుగుతున్నారు. ఒడెట్ కత్తి ఆపకుండానే అంది.

"ఈ ఏడు నేను క్లాసులో చేరుతున్నాను."

"ఏటా చేరుతూనే ఉన్నావుగా, పడుకోడానికి."

"పడుకోడానికి కాదు. పుస్తకం కొనుక్కుని, పరీక్ష రాయడానికి."

రొలాండ్ చేతిలో దోసకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆమెకు యాభై ఏడేళ్ళు. నడక వచ్చిన మరుసటేడు నుంచీ స్కీలు కట్టుకున్న మనిషి, కొండ మీద ఆమె కాలికి తిరుగులేదు. అది కాదు అతని ఆలోచన.

"హార్లన్‌కి చెప్పావా?"

"నువ్వు చెప్పు."

"నేను చెప్పను తల్లీ. మోకాలు ఎలాగూ పోయింది, తలకాయైనా మిగలనీ."

చివరికి ఆమే చెప్పింది. హార్లన్ అరవై తొమ్మిదేళ్ళవాడు, చెట్లనుంచి మేపుల్ పాకం తీసే కుటుంబంవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ క్లాసు చెబుతున్నాడు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ అతన్ని మెచ్చుకోకుండా ఉండరు, తిట్టుకోకుండానూ ఉండరు. ఆమె మాట విని గడ్డం గోక్కుని, ఎర్రకోటు తొడుక్కోడానికి ఏటా ఆరుగురు వస్తారు గానీ ఇంత చక్కగా పడేవాళ్ళు మళ్ళీ దొరకరని బాధపడ్డాడు. ఒడెట్ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది. రొలాండ్ కడుపులో మాట దాగే రకం కాకపోతే అలాగే ఉండిపోయేది. రెండు రోజుల తర్వాత తుమ్మినట్టు కక్కేశాడు. "ఆవిడ మనసు మెత్తన. దెబ్బ చూడగానే పక్కన కూర్చుని ఓదారుస్తుంది. ఈ పనికి పనికిరాదు" అన్నాట్ట హార్లన్.

ఒడెట్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. పూర్తిగా అబద్ధమైతే అంత గుచ్చుకునేది కాదు.

క్లాసులో ఎనిమిది మంది. అందరికంటే చురుకైనది బ్రెనా కిట్రెడ్జ్, ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఇళ్ళకు కరెంటు తీగలు లాగే పని చేస్తుంది. ఐదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఒడెట్ నడిపిన బస్సులోనే బడికెళ్ళింది. నన్ను ఒడెట్ అని పిలువమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా బ్రెనా నోరు తిరగలేదు. "మిసెస్ పెల్కీ" అనే పిలిచేది. పైగా ఒడెట్ తలతిప్పి చూస్తే చాలు, సీటులో నిటారుగా సర్దుకుని కూర్చునేది.

మొదటిరోజు హార్లన్ "రోగి కావాలి" అనగానే ఒడెట్ లేచి వెళ్ళి చాప మీద పడుకుంది. అందరూ నవ్వాక గానీ ఆమెకు తెలియలేదు. నవ్వుతూ లేచి తన చోటుకు వచ్చింది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి. హార్లన్‌కు ఓ పద్ధతుంది. గాయపడిన మనిషి దగ్గరికి వెళ్ళేముందు చుట్టూ చూసుకోవాలి. పైనుంచి ఇంకెవరైనా స్కీల మీద దూసుకొస్తున్నారా, విరిగిన కొమ్మ ఏదైనా నెత్తిన వేలాడుతోందా అని. చూసుకోకపోతే అతను చేతులు కట్టుకుని, "ఫలానావారు చచ్చారు, ఇప్పుడు రోగులు ఇద్దరు" అని ప్రకటిస్తాడు. ఒడెట్ మొదటి మూడు వారాల్లో నాలుగుసార్లు చచ్చింది. బతికిన రోజున గ్లవ్స్ తొడుక్కోవడం మరిచింది. గ్లవ్స్ తొడుక్కున్న రోజున ఊపిరి చూడకుండా చెయ్యి పట్టుకుని, ఏం భయం లేదు నాయనా అంటూ కూర్చుంది. ఇచ్చిన సమయం అయిపోయింది. హార్లన్ గడియారం కేసి చూసి, కాగితం మీద ఏదో గీశాడు. తిట్టి ఉంటే నయమనిపించింది ఆమెకు.

ఇంట్లో రొలాండ్ మీద సాధన చేసింది. అతనంత పనికిమాలిన రోగి ఎక్కడా ఉండడు. కాలు విరిగి స్పృహ తప్పినవాడు ఒక కన్ను తెరిచి, ఆ ముడి అలా కాదు, బద్ద ఇంకా పైకి రావాలి, అంటూ పాఠం చెప్పేవాడు. ఓ రోజు ఆమె విసిగి నోటికి కూడా బ్యాండేజి కట్టింది. ఉదయం బస్సు ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా వరుస వల్లించుకునేది: చోటు, చేతులు, ఊపిరి, నెత్తురు. వెనక సీట్లలో పిల్లలకు ఆ వరుస కంఠతా వచ్చేసింది. ఆమెకు మాత్రం చేతికి రాలేదు.

అక్టోబరు చివర ఓ సాయంత్రం క్లాసయ్యాక సామాను సర్దుతుంటే బ్రెనా అడిగింది. "పుస్తకంలో ఏది అడిగినా చెప్తారు మిసెస్ పెల్కీ. మనిషి దగ్గరికి రాగానే ఏమవుతుంది మీకు?"

ఒడెట్ ఓ బ్యాండేజి చుడుతూ, ఇన్నేళ్ళూ తను నేలమీద పడుకుని చూసింది చెప్పింది. వచ్చినవాళ్ళంతా కాలు వంక చూసేవాళ్ళు, చెయ్యి వంక చూసేవాళ్ళు, హార్లన్ వంక చూసేవాళ్ళు. ఆమె వంక చూసేవాళ్ళు అరుదు. ఎవరి చేతులు తన మీద పడుతున్నాయో తెలియకుండా పడుకోవడం నాటకంలో కూడా బాగుండదు. "కాస్త పేరు చెప్తే బాగుండు అనుకునేదాన్ని ప్రతిసారీ. అందుకే నేను వెళ్ళగానే పేరు చెప్పి, మొహం చూసి మాట్లాడతాను. ఇంక అక్కణ్ణుంచి మిగతావన్నీ ఎగిరిపోతాయి."

"అయితే గ్లవ్స్ తొడుక్కుంటూ పేరు చెప్పండి" అంది బ్రెనా. "నోరు వేరు, చేతులు వేరు కదా. బస్సు నడుపుతూ మమ్మల్ని తిట్టేవారు కాదూ? ఎప్పుడన్నా గుంటలో దించారా?"

ఇంత చిన్న మాట. ఒడెట్ ఇంటికెళ్ళి, దీపం స్తంభానికీ ఫ్రిజ్‌కీ కూడా గ్లవ్స్ తొడుక్కుంటూ పేరు చెప్పింది. "నా పేరు ఒడెట్, గస్తీ నుంచి వచ్చాను, మీకు సాయం చెయ్యనా?" మాట పూర్తయ్యేసరికి రెండు చేతులకూ గ్లవ్స్ ఎక్కేవి, కళ్ళు చుట్టూ ఓసారి తిరిగొచ్చేవి. నవంబరులో ఆమె ఒక్కసారి కూడా చావలేదు. హార్లన్ కాగితం మీద గీతలు తగ్గాయి.

పరీక్ష డిసెంబరు మొదటి శనివారం, కొండ మీదే. రాత్రంతా యంత్రాలు మంచు చిమ్మి కింది వాలును తెల్లగా కప్పాయి. సున్నాకి పన్నెండు డిగ్రీలు తక్కువ, గాలి లేదు, ఎండ మాత్రం కళ్ళు మిరుమిట్లు గొలిపేటట్టుంది. పరీక్ష పెట్టడానికి వేరే కొండ నుంచి ప్రిసిల్లా ఓగ్డెన్ అనే ఆవిడ వచ్చింది. పొడుగ్గా, మర్యాదగా, అట్టకు కాగితాలు తగిలించుకుని ఉంది. మూడుచోట్ల ముగ్గురు రోగులు ఉండాలి. ఒడెట్ పరీక్ష రాసేవాళ్ళలో ఉంది కాబట్టి ఒక రోగి తక్కువ. ఆ మూడో వేషం తనే వేస్తానన్నాడు హార్లన్. వాలు పక్కన బిర్చ్ చెట్ల దగ్గర పడిపోయిన వాల్టర్ అనే ముసలాయన, కుడి మణికట్టు విరిగింది.

హార్లన్ వేషం చూసి పొద్దున్నే అందరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. అతను అరిచిన అరుపులకి తీగ మీద కొండెక్కించే లిఫ్టు కుర్చీల్లో వెళ్తున్నవాళ్ళు కూడా వంగి చూశారని బ్రెనా తన పరీక్ష అయిపోయాక వచ్చి చెప్పింది. అంతా గదిలో చేరి రొలాండ్ చిల్లీ తిన్నారు. హార్లన్ సగం గిన్నె తిని వదిలేస్తే రొలాండ్ చిన్నబుచ్చుకున్నాడు. ఒడెట్ వంతు అందరికంటే చివర. మొదటి రెండుచోట్లా సాఫీగా గడిచాయి. ఒంటిగంట దాటాక బిర్చ్ చెట్ల దగ్గరికి దిగింది.

స్కీలు విప్పి, పైనుంచి వచ్చేవాళ్ళకు కనబడేలా ఎగువన మంచులో అడ్డంగా గుచ్చింది. చుట్టూ చూసింది. గ్లవ్స్ లాక్కుంటూ నడిచింది.

"నా పేరు ఒడెట్, గస్తీ నుంచి వచ్చాను. మీకు సాయం చెయ్యనా?"

హార్లన్ చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. అరవలేదు. మూలగలేదు. "ఊఁ" అన్నాడు.

ఎక్కడ నొప్పని అడిగింది. చెయ్యి అన్నాడు. ఏ చెయ్యి అంటే, వెంటనే చెప్పలేదు. కుడి మణికట్టు కదా విరిగింది. అతని కుడిచెయ్యి ఎడమ జబ్బను పట్టుకుని ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మొహంలోకి చూసింది. చర్మం బూడిద రంగులో ఉంది. అంత చలిలో టోపీ అంచు కింద చెమట పూసలు కట్టి ఉంది. నాలుగడుగుల దూరంలో ప్రిసిల్లా ఓగ్డెన్ ఏదో రాసుకుంటోంది.

దొంగనొప్పి పడేవాళ్ళ సంగతి ఒడెట్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వేషం వేసేవాడు నొప్పిని ఎదుటివాడికి చూపిస్తాడు, చూస్తున్నారా లేదా అని ఓ కంట కనిపెడతాడు. బస్సులో పిల్లలూ అంతే. కడుపునొప్పని గోలపెట్టే పిల్లవాడికి లెక్కల పరీక్ష ఉంటుంది. నిజంగా కడుపులో బాధ ఉన్నవాడు కిటికీకి తల ఆనించి నోరు మూసుకుంటాడు. హార్లన్ ఎవరి వంకా చూడటం లేదు. లోపలెక్కడో దేన్నో వింటున్నట్టు కూర్చున్నాడు.

"హార్లన్, ఛాతీలో ఏమన్నా ఉందా?" అని మెల్లగా అడిగింది.

"వాల్టర్" అని సరిదిద్దాడు. ఆ ఒక్క మాటకే ఊపిరి అందలేదు. కాస్త ఆగి, ఆమెకొక్కదానికే వినబడేలా అన్నాడు. "మీ ఆయన చిల్లీ అది. ఏం లేదు. కానివ్వు. ఇంత కష్టపడ్డావు, పరీక్ష పాడుచేసుకోకు."

ముప్పై ఏళ్ళలో హార్లన్ ట్విచెల్ పరీక్ష మధ్యలో ఎవరిమీదా జాలి చూపించిన పాపాన పోలేదు. ఆ జాలే ఒడెట్‌ను భయపెట్టింది.

పరీక్షలో ఎవరికైనా నిజంగా ఏమన్నా అయితే 'ఆట ఆగింది' అనాలని అతనే మొదటి క్లాసులో చెప్పాడు. అలా అన్నాక ఆ పరీక్ష చెల్లదు. తన అనుమానం తప్పయితే, అజీర్ణం చేసిన మనిషిని పట్టుకుని కొండంతా అల్లరి చేసిన ముసలమ్మగా మిగిలిపోతుంది. ఇవన్నీ ఆమె తలలో తిరగలేదని చెబితే అబద్ధమే. తిరిగాయి. గ్లవ్ వేలు సర్దుకునేంతసేపు తిరిగాయి.

"ఆట ఆగింది" అంది గట్టిగా.

ప్రిసిల్లా ఓగ్డెన్ కలం ఆపి తలెత్తింది.

"ఈయనకి గుండెలో ఏదో అవుతోంది. రేడియోలో కొండ పైనున్న గస్తీవాళ్ళకి చెప్పండి. ఆక్సిజన్, గుండెకి షాకిచ్చే మిషను, మంచుబండి, మూడూ కావాలి. అంబులెన్సుని ఇప్పుడే పిలవమనండి, కిందికి చేరేదాకా ఆగొద్దు." ఆమె గొంతు పెద్దది కాలేదు. ముప్పైమంది పిల్లలున్న బస్సుని జారుడు రోడ్డు మీద ఆపేటప్పటి గొంతు అది. పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ మారుమాట్లాడకుండా రేడియో అందుకుంది.

ఒడెట్ వెళ్ళి హార్లన్ వెనక కూర్చుని, అతని వీపు తన మోకాళ్ళకు ఆనేలా సగం కూర్చున్నట్టుగా ఆనించుకుంది. కోటు మెడ వదులు చేసింది. తన కోటు విప్పి అతని కాళ్ళ మీద కప్పింది. ఎప్పటినుంచని అడిగితే, భోజనానికి ముందునుంచీ అన్నాడు. నొప్పి ఎటు పోతోందంటే, దవడలోకి అన్నాడు. ఆస్పిరిన్ పడదా, నెత్తురు పల్చబడే మందులేమన్నా వాడుతున్నావా, కడుపులో పుండ్లున్నాయా అని వరుసగా అడిగింది.

"ఆ ప్రశ్నలు నీకు నేర్పింది నేను" అన్నాడు.

"అందుకే అడుగుతున్నా. జవాబు చెప్పు."

లేవు, పడుతుంది అన్నాడు. సంచిలోంచి నాలుగు చిన్న మాత్రలు తీసి నమలమంది. నమిలాడు. నాడి పట్టుకుని, ఊపిరి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టింది. మధ్యమధ్య మాట్లాడుతూనే ఉంది: ఏం చేస్తోందో, తర్వాత ఏం వస్తుందో, బండి ఎక్కడిదాకా వచ్చిందో. ఓదార్పు మాటలేమీ కావు. కానీ అతని భుజాలు కొంచెం దిగాయి.

మంచుబండితో బ్రెనా, ఇంకో పాత గస్తీ మనిషి వచ్చారు. ఊపిరి ఆడని మనిషిని తల ఎగువకి ఉంచి దింపాలని ఎవరూ గుర్తుచేయనక్కర్లేకుండానే ఒడెట్ బండి తిప్పించింది. బండి లాగే పరీక్ష ఆమెకింకా కాలేదు, కాబట్టి పిడులు పాత మనిషి పట్టుకున్నాడు. ఒక్క స్వెట్టరుతో ఆమె పక్కనే స్కీలమీద దిగుతూ, కిందికి చేరేదాకా అతని మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. షాకు మిషను దారిపొడుగునా అతని కాళ్ళ మధ్యే ఉంది. దాంతో పనిపడలేదు. అంబులెన్సు తలుపులు మూసుకున్నాక, గది గుమ్మంలో గరిటెతో నిలబడ్డ రొలాండ్ ఆమెను చూసి, తన కోటు విప్పి ఆమె మీద వేశాడు.

సాయంత్రానికి కబురొచ్చింది. ఒక రక్తనాళం దాదాపుగా మూసుకుపోయిందట, స్టెంటు వేసి తెరిచారట. కులాసాగా ఉన్నాడు, నర్సులకు పని ఎలా చెయ్యాలో చెబుతున్నాడు.

గదిలో ప్రిసిల్లా ఓగ్డెన్ కాగితాలు ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి ఒడెట్‌ను పిలిచి, ఇబ్బందిగా విషయం చెప్పింది. కాగితం మీద మణికట్టు విరిగిన రోగి అని ఉంది. మణికట్టుకు బద్దకట్టు కట్టలేదు. కట్టనిదాన్ని కట్టినట్టు రాయడానికి లేదు. "మీరు చేసింది నేను ముప్పై ఏళ్ళలో చూళ్ళేదు. కానీ మూడో భాగం మళ్ళీ చెయ్యాలి మీరు. వచ్చే శనివారం మా కొండకు రండి."

రొలాండ్ గరిటె పొయ్యి మీద పడేసి ఏదో అనబోయాడు. ఒడెట్‌కు మాత్రం నవ్వొచ్చింది. ఆ మూడు గంటల్లో మొదటిసారి ఒళ్ళంతా వదులై, కుర్చీలో కూలబడి నవ్వింది. ఆవిడ స్థానంలో ఉంటే తనూ అదే చేసేదాన్నంది.

మంగళవారం ఆస్పత్రికి వెళ్ళేసరికి హార్లన్ ఉప్పులేని ఓట్సు గంజి ముందు పెట్టుకుని శత్రువుని చూసినట్టు చూస్తున్నాడు. ఆమె కూర్చోగానే దిండు కింది నుంచి ఓ కాగితం తీశాడు.

"రెండు తప్పులు" అన్నాడు. "ఒకటి. నీ కోటు నాకిచ్చావు. నీకు చలిపట్టి నువ్వు పడిపోతే రోగులు ఇద్దరు. రెండు. ఆస్పిరిన్ ఎన్నింటికిచ్చావో అంబులెన్సువాళ్ళకి చెప్పావా?"

"ఒంటిగంటా ఇరవై రెండు. గ్లవ్ మీద రాశాను. ఆ గ్లవ్వే విప్పి వాళ్ళకిచ్చాను."

హార్లన్ కాగితం మీద రెండో వరుస కొట్టేశాడు. "ఒకటే తప్పు."

కాసేపు ఇద్దరూ కిటికీలోంచి పార్కింగులో మంచు తోసే బండిని చూశారు. గంజి గిన్నె పక్కకి జరిపి, ఆమె వంక చూడకుండానే మొదలుపెట్టాడు. "ఆగస్టులో రొలాండ్‌తో ఓ మాటన్నాను."

"విన్నాను."

"వింటావని తెలుసు. వాడికి చెప్పడమూ రేడియోలో చెప్పడమూ ఒకటే." గొంతు సవరించుకున్నాడు. "ఆ చెట్టు కింద నాకు భయమేసింది ఒడెట్. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను చూడు, అంత భయం. నువ్వొచ్చి నీ పేరు చెప్పావు. ఎప్పట్నుంచో తెలిసిన మనిషివి, ఈ పేరు చెప్పడమేంటి అనుకున్నాను. కానీ ఆ తర్వాత నేనొక్కణ్ణే లేననిపించింది." దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. "వచ్చే ఏడు నుంచి క్లాసులో అదే ముందు చెప్తాను. గ్లవ్స్ కంటే ముందు కాదులే. గ్లవ్స్‌తోపాటు."

ఒడెట్ గంజి చల్లారిపోతోందని గిన్నె అతని దగ్గరికి జరిపింది. నాలుగు చెంచాలు తిన్నాడు, ఆమె చూస్తోందని.

శనివారం ప్రిసిల్లా ఓగ్డెన్ కొండ మీద ఓ బక్కపల్చటి పోస్టుమాన్ మణికట్టు విరగ్గొట్టుకుని కొండ దద్దరిల్లేలా ఏడ్చాడు. ఒడెట్ అతనికి పేరు చెప్పి, బద్దకట్టు కట్టి, వేళ్ళలో రక్తం ఆడుతోందో లేదో చూసి, నాలుగు నిమిషాలు మిగిలుండగానే లేచింది. అతని ఏడుపులో మొదటి సగం బాగుందనీ, తర్వాత చెయ్యి మరిచిపోయి భుజం పట్టుకున్నాడనీ పోతూ పోతూ చెప్పింది. పాపం అతను ఆ మాట రాసుకున్నాడు.

ఎర్రకోటు కొత్తది కొనుక్కుంది. రొలాండ్ తన పాతకోటు చేతులు కత్తిరించి ఇస్తానన్నాడు, ఆమె ఒప్పుకోలేదు. నీది నీదేనంది. అతను పైకి విసుక్కున్నాడు గానీ, ఆ సాయంత్రం ఆ కోటు బ్రష్షుతో తుడిచి మళ్ళీ మేకుకే తగిలించడం ఆమె చూసింది. బండి లాగే పాఠం బ్రెనాతో కలిసి నేర్చుకుంది. ఖాళీ బండి మీద బ్రెనా పడుకుంటే ఒడెట్, ఒడెట్ పడుకుంటే బ్రెనా. రెండోరోజు మలుపులో బ్రెనా బండిని పొదలోకి తోస్తే, ఒడెట్ మంచులోంచి తల బయటపెట్టి, "బస్సుకి ఆలస్యంగా వచ్చిన రోజు కూడా నిన్నిలా పారెయ్యలేదు కదే" అంది. బ్రెనా నవ్వలేక నవ్వలేక నవ్వుతూ, "సారీ ఒడెట్" అంది. ఆ పిలుపు నోట్లోంచి ఎలా జారిందో ఆ పిల్లకే తెలియలేదు.

క్రిస్మస్ వారంలో ఒడెట్ మొదటి డ్యూటీ. పొద్దున్నంతా ఏమీ జరగలేదు. మధ్యాహ్నం మాంట్రియల్ నుంచి వచ్చిన ఓ పెద్దమనిషి బొటనవేలు బెణికింది. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒడెట్ తన అమ్మమ్మ మాట్లాడిన ఫ్రెంచిలో పేరు చెప్పి వేలికి కట్టు కట్టింది. ఆయన ఆ పాతకాలపు ఫ్రెంచి విని వేలి సంగతి మరిచిపోయి, అరగంట కబుర్లు చెప్పి వెళ్ళాడు. అంతే ఆ రోజుకి.

నాలుగింటికి లిఫ్టు ఆపేశారు. అందరూ దిగాక గస్తీవాళ్ళు కొండంతా ఓసారి జల్లెడ పట్టి దిగుతారు, ఎక్కడా ఎవరూ మిగిలిపోలేదని తేల్చుకోడానికి. తూర్పు వాలు ఒడెట్‌కిచ్చారు. పైన నిలబడితే ఎదర లోయలో పాడికొట్టాల ఎర్ర కప్పులు, పొగగొట్టాలు, ఉత్తరాన కెనడా కొండల నీలం. మంచు మీద తన స్కీల చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రతి మలుపులోనూ ఆగి, చెట్లలోకి తొంగిచూసి, ఎవరైనా ఉన్నారా అని కేక వేసింది. ప్రతిచోటా కాసేపు చెవి ఒగ్గింది. ఎవరూ పలకలేదు. పలకనందుకు ఆమెకు హాయిగా ఉంది.

రేడియోలో తూర్పు వాలు ఖాళీ అని చెప్పి, స్కీలు కిందికి తిప్పి, ఎక్కడా ఆగకుండా దిగింది.